అరవై ఒకటో ప్రశ్న

ఆ గొడుగుల కంపెనీ మెట్లెక్కి ఒక మనిషి నిలువెల్లా తడిసి రావడం రిసెప్షన్ అక్క తన పన్నెండేళ్ళ సర్వీసులో చూడలేదు. వాన రోజుల్లో అక్కడికి గొడుగు వేసుకుని వచ్చేవాళ్ళు ఉంటారు, గొడుగు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఇతను రెండు రకాల్లోనూ చేరలేదు.

"గొడుగు కోసం వచ్చారా అండీ?" అంది జాలిగా.

"కాదండీ. మీ కంపెనీ సిద్ధంగా ఉందో లేదో చూడడానికి వచ్చాను" అన్నాడతను, ముక్కు చివర వేలాడుతున్న చుక్కని తుడుచుకుంటూ.

"దేనికి సిద్ధంగా?"

"మార్పుకి."

అక్క అతని బూట్ల కింద తయారవుతున్న మడుగుని చూసింది. ముందు ఈయన వానకి సిద్ధమై వచ్చి ఉంటే బాగుండేదనుకుంది. పైకి మాత్రం "మూడో అంతస్తు" అని ఊరుకుంది.

అతని ఉద్యోగమే అది. పాత సాఫ్ట్‌వేర్ వదిలేసి కొత్తదానికి మారాలని ఏ కంపెనీకైనా బుద్ధి పుడితే, ఆ కంపెనీకి అంత శక్తి ఉందో లేదో చూసి మార్కులు వేస్తాడు. ఇప్పటి కొత్త రకం సాఫ్ట్‌వేర్ ఒక్క ముద్దగా ఉండదు. ఆర్డర్లకి ఒక ముక్క, స్టాకుకి ఒక ముక్క, డెలివరీకి ఒక ముక్క, కావలసినవి తెచ్చి అమర్చుకోవడమే. అది కంపెనీ గదిలో కూడా ఉండదు, ఎక్కడో ఉన్న క్లౌడ్ కంప్యూటర్ల మీద నడుస్తుంది. రద్దీ పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. దీనికంతటికీ అతని సంచిలో ఎనభై నాలుగు ప్రశ్నల ఫారం ఉంటుంది. ప్రతి ప్రశ్నకీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. సగటు మూడు దాటితే కంపెనీ సిద్ధంగా ఉన్నట్టు.

ఆరేళ్ళలో నలభై కంపెనీల సంగతి అలా తేల్చిపారేశాడు. తన పెళ్ళి మాట ఎత్తితే మాత్రం నాలుగేళ్ళుగా వాళ్ళమ్మకి ఒకటే జవాబు చెబుతున్నాడు: "ఇంకా సిద్ధంగా లేనమ్మా."

మూడో అంతస్తులో అతనికి చూపించిన గదిలో మనుషులెవరూ లేరు. మూల బల్ల మీద పాతకాలపు కంప్యూటరొకటి గుర్రుమంటోంది. దాని ఎదురుగా స్టూలు మీద టేబుల్ ఫ్యాన్ ఒకటి, సరిగ్గా దాని మొహానికే గాలి విసురుతోంది. మనిషి చలికి వణుకుతుంటే యంత్రానికి సేవలేమిటని అతనికి ఒళ్ళు మండింది. ఫ్యాన్‌ని తనవైపు తిప్పుకున్నాడు. చొక్కా ఆరడం మొదలైంది. ప్రాణం లేచొచ్చింది.

పది నిమిషాలు గడిచాయో లేదో, కింద అంతస్తుల్లోంచి కేకలు వినపడ్డాయి. ఆ వెనకే మెట్ల మీద గబగబా అడుగుల చప్పుడు. తలుపు ధడాలున తెరుచుకుంది. పెన్ను కొప్పులో గుచ్చుకున్న అమ్మాయి ఒకామె లోపలికి దూసుకొచ్చి, అతన్ని కుర్చీని జరిపినట్టు పక్కకి జరిపి, ఫ్యాన్ మెడ పట్టుకుని యథాస్థానానికి తిప్పింది.

"ఎవరు తిప్పారు దీన్ని?"

గదిలో ఉన్నదే ఇద్దరు. అబద్ధమాడే వీలు లేకపోయింది.

"నేనేనండీ. తడిశాను కదా అని..."

"మీరు తడిస్తే ఆరుతారు. తాతయ్య వేడెక్కితే నాలుగు అంతస్తులు ఆగిపోతాయి."

"తాతయ్యెవరు?"

ఆమె వేలు పెట్టి కంప్యూటర్‌ని చూపించింది. పద్దెనిమిదేళ్ళ కిందట ఎవరో రాసి వెళ్ళిపోయిన సాఫ్ట్‌వేర్ అది. ఆర్డర్లు, స్టాకు, బిల్లులు, డెలివరీ చీటీలు, అన్నీ దాని నెత్తి మీదే నడుస్తాయి. వాన పడితే ఆర్డర్లు వెల్లువెత్తుతాయి, ఆర్డర్లు వెల్లువెత్తితే తాతయ్యకి జ్వరం వస్తుంది, జ్వరం వస్తే ఈమె పరిగెత్తుకొస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. అందరూ ఆమెని సిస్టమ్స్ మేడమ్ అంటారు.

"తిప్పకూడదని ఒక చీటీ అయినా అతికించాల్సింది" అన్నాడు పౌరుషం తెచ్చుకుని.

ఆమె వంగి, అతని తడి బూటు కింద నుంచి ఒక కాగితం లాగింది. 'ఫ్యాన్ తిప్పరాదు' అని ఎర్ర సిరాతో రాసి ఉంది.

"ఇంతకీ మీరెవరు?"

"మీరు మార్పుకి సిద్ధంగా ఉన్నారో లేదో మార్కులు వేయడానికి వచ్చాను."

"ఆహా. మార్కులాయనా?" అంది ఆమె. సాయంత్రానికల్లా నాలుగు అంతస్తుల్లో అతనికి ఆ పేరే ఖాయమైంది.

*

రెండు రోజుల్లో ముప్ఫై ఒక్క ఫారాలు తిరిగొచ్చాయి. అతను సగటు కట్టి చూసుకుని, మళ్ళీ కట్టి, చేతివేళ్ళ మీద కూడా ఓసారి సరిచూసుకున్నాడు. ముప్ఫైమంది, ఎనభై నాలుగు ప్రశ్నలకీ, ఒక్కటి కూడా పొల్లుపోకుండా నాలుగే వేశారు.

గొడుగు బట్ట కత్తిరించే కటింగ్ మాస్టరు ఆ కంపెనీలో అందరికన్నా పాత మనిషి. అతను ఆయన దగ్గరకి వెళ్ళాడు.

"ఏమిటండీ ఇది? అందరూ కూడబలుక్కుని రాశారా?"

"కూడబలుక్కోవడం ఎందుకు బాబూ? ఇక్కడ ఏ ఫారమిచ్చినా నాలుగే వేస్తాం" అన్నాడు మాస్టరు, కత్తెర ఆపకుండానే. "ఐదు వేస్తే 'అంత బాగా వచ్చా, అయితే ఇది కూడా నువ్వే చూడు' అంటారు పెద్దసారు. మూడు వేస్తే ఆదివారం పూట ట్రైనింగుకి పంపిస్తారు. నాలుగు వేశామనుకో, మన జోలికి ఎవరూ రారు."

"మరి నిజం?"

"నిజం రాయడానికి గడి ఏదీ అందులో?"

అతను ముప్ఫై ఒకటో ఫారం బయటికి తీశాడు. అది సిస్టమ్స్ మేడమ్‌ది. అన్నిటికీ ఒకటే వేసింది, పైగా అంచుల్లో వ్యాఖ్యానం కూడా రాసింది. 'సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగాన్ని మిగతావాటిని కదపకుండా మార్చుకోగలం' అన్నచోట, 'ఫ్యాన్ తిప్పిన రోజు మీరే చూశారు' అని ఉంది. 'మార్పును మా సిబ్బంది ఉత్సాహంగా స్వాగతిస్తారు' అన్నచోట, 'కిందటేడు టీ కప్పులు మారిస్తే వారం రోజులు ఎవరూ టీ తాగలేదు' అని ఉంది. అరవై ఒకటో ప్రశ్న దగ్గర మాత్రం మార్కూ లేదు, వ్యాఖ్యానమూ లేదు.

ఫారం పట్టుకుని మూడో అంతస్తుకి వెళ్ళాడు.

"మీకు మార్పంటే గిట్టనట్టుందే."

"తాతయ్య పోతే నా ఉద్యోగం పోతుందని భయపడుతున్నాననుకుంటున్నారు. అంతేనా?"

"నేనలా అనుకోలేదండీ."

"అనుకున్నారు. మీ చెవులు ఎర్రబడ్డాయి."

అతను చెవులు తడుముకున్నాడు. ఆరేళ్ళుగా మంది మొహాలు చదివి మార్కులు వేసినవాడు, తన మొహాన్ని ఇంకొకరు చదవగా చూడడం ఇదే మొదలు.

"సరే, ఇదొకటి చెప్పండి. అరవై ఒకటో ప్రశ్న ఎందుకు వదిలేశారు? 'నేను లేని రోజున నా పని ఆగకుండా సాగుతుంది.' ఐదులో ఎంత?"

"నేను లేని రోజంటూ ఒకటుంటే కదా, సాగిందో ఆగిందో చెప్పడానికి."

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు సగంలో ఆగింది.

"తొమ్మిదేళ్ళుగా వానాకాలంలో ఒక్క సెలవు పెట్టలేదు నేను. మా అక్క పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ నా చెవి దగ్గర ఫోనే. కొత్తగా చూసినవాళ్ళు నన్ను క్యాటరింగు వాళ్ళ మేనేజరనుకుంటారు."

"మరి సెలవు దొరికితే ఏం చేస్తారు?"

ఆమె కిటికీ వైపు చూసింది. బయట సన్నగా తుంపర పడుతోంది.

"నవ్వకూడదు. వానలో తడవాలని ఉంది. ఫోన్ ఇంట్లో పారేసి, గొడుగు లేకుండా, ఒక గంట. వాన మొదలైతే ఊళ్ళో వాళ్ళంతా కిటికీ దగ్గరకి పరిగెడతారు. నేను ఈ గదికి పరిగెడతాను."

అతను నవ్వలేదు. సంచిలోంచి ఇంకో ఫారం తీయబోయి, ఎందుకో మళ్ళీ లోపల పెట్టేశాడు.

"ఫారాలు పక్కన పెడదామండీ. ఒక ఆర్డరు వచ్చినప్పటి నుంచి గొడుగు గుమ్మం దాటేదాకా ఏం జరుగుతుందో నాకు చెప్పండి. అంతా, మొదటినుంచి."

"ఎక్కడా రాసి లేదు. నా బుర్రలో ఉంది."

"అయితే దాన్ని బయటికి తీద్దాం."

కాగితాలు చాలలేదు. మర్నాడు కటింగ్ మాస్టరు పన్నెండడుగుల నల్ల గొడుగు బట్ట బల్ల మీద పరిచి, ఒక సుద్దముక్క చేతికిచ్చాడు. నాలుగు మధ్యాహ్నాలు ఆమె చెబుతుంటే అతను గీశాడు, అతను తప్పు గీస్తే ఆమె చెరిపింది. ఆర్డరు ఇక్కడ పుడుతుంది, ఇక్కడ స్టాకుని అడుగుతుంది, ఇక్కడ తాతయ్య అలుగుతాడు, అలిగితే ఈ మీట నొక్కి పదిదాకా లెక్కపెట్టాలి.

"తొమ్మిదిదాకా లెక్కపెడితే?"

"మళ్ళీ మొదటినుంచి అలుగుతాడు."

"ఇదెవరు కనిపెట్టారు?"

"నేనే. మూడేళ్ళు పట్టింది."

మాస్టరు దూరంగా కుట్టుమిషన్ దగ్గర నిలబడి ఆ బొమ్మనంతా చూస్తూ ఉన్నాడు. మూడో రోజున దగ్గరకొచ్చాడు.

"నువ్వు చెప్పే కొత్త సాఫ్ట్‌వేరు గొడుగు లాంటిదేనా బాబూ? ఎనిమిది ముక్కలు కత్తిరించి కుడతాం. ఒక ముక్క చిరిగితే అదొక్కటే విప్పి మార్చేస్తాం. ఇప్పుడున్న తాతయ్య దుప్పటి లాంటివాడు. ఎక్కడ కన్నం పడ్డా మొత్తం తడుస్తాం."

ఇదే సంగతి చెప్పడానికి మార్కులాయన కంపెనీ అరవై పేజీల పుస్తకం అచ్చేసింది.

ఆమె పకాలున నవ్వింది. చెంప మీద సుద్ద గీత ఒకటి పడి ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియదు, అతనికి తెలుసు, చెప్పబుద్ధి కాలేదు. ఆ నవ్వుకి అతను మనసులో ఐదు వేశాడు. నలభై కంపెనీల్లో ఎవరికీ ఎప్పుడూ వేయని ఐదు. వేశాక తనకే గాభరా పుట్టి, దించిన తల ఎత్తకుండా డెలివరీ గీతలు గీస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"ఏరా, ఆ సంబంధం వాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"

"వద్దని చెప్పమ్మా."

"సిద్ధంగా లేవు, అంతేగా?"

ఎప్పటిలా అవునందామనుకున్నాడు. 'అవ్...' అని నసిగాడు. ఇవతల ఇతను తడబడడం విని అవతల ఆవిడ చెవులు రిక్కించింది. "ఎవర్రా ఆ అమ్మాయి?" అని అడిగింది. అతను సిగ్నల్ బాగాలేదని ఫోన్ పెట్టేశాడు. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

*

బట్ట మీద బొమ్మ పూర్తయ్యాక అతను గళ్ళు లెక్కపెట్టాడు. మొత్తం నలభై ఒకటి. వాటిలో ఇరవై ఆరు గళ్ళ దగ్గర 'ఇక్కడ ఇబ్బంది వస్తే ఎవరు?' అన్నదానికి ఒకటే జవాబు, ఆమె. ఆ బొమ్మ ప్రకారం ఎనభై నాలుగు ప్రశ్నలకీ తనే మళ్ళీ మార్కులు వేస్తే, సగటు ఒకటీ పాయింట్ ఎనిమిది తేలింది. అంటే కంపెనీ సిద్ధంగా లేదు. కంపెనీ మొత్తం ఒక్క మనిషి మీద ఆనుకుని నిలబడి ఉంది. ఆ మనిషి తొమ్మిదేళ్ళుగా కూర్చోలేదు.

ఈ మాటని ఇలాగే రాసి ఉంటే గొడవే లేకపోయేది. కానీ అతనికి గడి చూపిస్తే అందులో పట్టేలా రాయడం అలవాటు. రిపోర్టు మొదటి పేజీలో 'అతి పెద్ద రిస్క్' అని చిన్న గడి ఉంటుంది. అందులో రెండే మాటలు పడతాయి. వివరమంతా పధ్నాలుగో పేజీలో.

సోమవారం ఉదయం మీటింగు. పెద్దసారు, మేనేజర్లు, మాస్టరు, ఆమె, అందరూ ఉన్నారు. ఆమె ఆ రోజు కొప్పులో పెన్ను తీసేసి వచ్చింది. అతను అది గమనించి, గమనించిన సంతోషంలో, తెర మీద ఏముందో చూసుకోకుండా మొదటి పేజీ వేశాడు.

'అతి పెద్ద రిస్క్: సిస్టమ్స్ ఇన్‌ఛార్జ్.'

హాలు చల్లబడిపోయింది. పెద్దసారు కళ్ళజోడు సరిచేసుకుని రెండుసార్లు చదివాడు. మనిషి మంచివాడే, కాకపోతే తెర మీద ఏది కనిపిస్తే అది నమ్ముతాడు.

"అమ్మాయే రిస్కయితే, మరి... తీసేయాలంటారా?"

"అయ్యో, అది కాదు సార్, అసలు సంగతి పధ్నాలుగో పేజీలో..." అంటూ అతను పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. కంగారులో తొమ్మిది నుంచి ఇరవైకి దూకాడు, ఇరవై నుంచి మూడుకి వచ్చాడు.

పధ్నాలుగు దొరికేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద ఒక తెల్ల కాగితం. 'మూడు రోజులు సెలవు కావాలి' అని రాసి సంతకం పెట్టింది. కారణం దగ్గర, 'రిస్క్ తగ్గించడానికి'.

మాస్టరు అతని వైపు చూసిన చూపుకి అతను కుర్చీలోనే సగమయ్యాడు.

"సార్" అన్నాడు అతను. "తప్పు నాది. రిస్క్ ఆ అమ్మాయి కాదు. ఆ అమ్మాయి లేకపోతే ఏం చెయ్యాలో తెలియని మీరు. ముప్ఫైమందీ. నాలుగు వేసిన ముప్ఫైమందీ."

"ఇప్పుడేం చెయ్యమంటారయ్యా? వాన ముంచుకొస్తోంది. ఫోన్ చేసి రమ్మందామా?"

అతను కిటికీలోంచి చూశాడు. ఆకాశం నల్లగా దిగబడి ఉంది. ఫోన్ చేస్తే వస్తుంది. తిట్టుకుంటూనైనా వస్తుంది. వచ్చి ఫ్యాన్ సరిచేస్తుంది. ఇంకో తొమ్మిదేళ్ళు అలాగే గడిచిపోతాయి.

"వద్దు సార్. మూడు రోజులు ఎవరూ ఆమెకి ఫోన్ చేయకూడదు. ఎవరూ."

"తాతయ్య ఆగిపోతే?"

"నేనుంటాను."

అనడమైతే అనేశాడు. మార్కులు వేసేవాడే తప్ప పరీక్ష రాసినవాడు కాదు మరి.

ఆమె నంబరు రాసిన చీటీలు ఆ భవనంలో పదకొండు చోట్ల అతికించి ఉన్నాయి. లిఫ్టులో, టీ మిషన్ మీద, పెద్దసారు అద్దం పక్కన కూడా. అన్నీ తనే తిరిగి పీకాడు. నల్ల బట్టని తెచ్చి తాతయ్య గది గోడకి మేకులతో కొట్టాడు. డెలివరీ గళ్ళ దగ్గర మాస్టరుని, ఆర్డర్ల దగ్గర రిసెప్షన్ అక్కని నిలబెట్టాడు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. తాతయ్య అలిగాడు. అతను మీట నొక్కి పది లెక్కపెట్టాడు, కంగారులో ఏడు తర్వాత తొమ్మిది అన్నాడు. తాతయ్య మళ్ళీ అలిగాడు. మొదటి రోజు తొమ్మిదిసార్లు, రెండో రోజు ఆరుసార్లు. రెండో రోజునే, పూలబొమ్మలూ కుందేలు చెవులూ ఉన్న పిల్లల గొడుగులు నాలుగు వందలు నేరుగా ఒక బ్యాంకుకి వెళ్ళిపోయాయి. బ్యాంకు మేనేజరు ఫోన్ చేసి చెవి తుప్పు వదలగొట్టాడు. అయినా కంపెనీ ఆగలేదు.

ఆగిందల్లా అతని మనసే. ఆ మూడు రోజుల్లో 'క్షమించండి' అని పద్నాలుగుసార్లు ఫోన్‌లో రాసి పద్నాలుగుసార్లూ చెరిపేశాడు. తను మెసేజి పెడితే ఆమె మొదట అడిగేది తాతయ్య ఎలా ఉన్నాడనే. అడిగాక సెలవు సెలవు కాదు. అందరికీ పెట్టిన నియమం తనకీ వర్తిస్తుంది. నియమం పాటిస్తే ఆమె తనని ఇక జన్మలో నమ్మదేమోనన్న దిగులు ఒకటి, చెవిలో జోరీగలా.

"ఒక్క ఫోన్ చేసుకో బాబూ, నేను చూడనట్టు ఉంటా" అన్నాడు మాస్టరు, చూడలేక.

"మీరు చూడకపోయినా నేను చేసినట్టే కదండీ."

మాస్టరు మొదటి రోజు చూసిన చూపుని వెనక్కి తీసుకున్నాడు.

*

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఆమె వచ్చేసింది. సెలవు ఇంకా రెండు గంటలు మిగిలే ఉంది.

తలుపు తీసేసరికి గదిలో అతను చొక్కా చేతులు మడిచి, చెమటతో తడిసి ముద్దయి, నల్ల బట్ట కింద నేల మీద కూర్చుని ఉన్నాడు. ఫ్యాన్ తాతయ్య మొహానికి బుద్ధిగా వీస్తోంది. చీటీ మళ్ళీ అతికించి ఉంది, ఈసారి నాలుగు మూలలా.

అతను గబుక్కున లేచాడు. తొమ్మిది పేజీల క్షమాపణ మనసులో తయారుచేసి పెట్టుకున్నాడు, అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఎవరూ ఫోన్ చేయలేదు" అంది ఆమె. గొంతులో కోపముంది. కళ్ళలో ఉన్నది కోపం కాదు.

"మీరు సెలవులో ఉన్నారు కదా."

"మొదటి రోజు నా ఫోన్ పాడైందనుకున్నాను. మా అక్క ఫోన్‌లోంచి నాకు నేనే చేసుకుని చూసుకున్నా. మోగింది. రెండో రోజు నన్ను నిజంగానే తీసేశారనుకున్నా. ఇవాళ పొద్దున ఈ భవనమే కూలిపోయిందేమో, వెళ్ళి చూసొద్దామనుకున్నా."

"భవనం ఉంది. పిల్లల గొడుగులు నాలుగు వందలు బ్యాంకుకి వెళ్ళాయి."

"ఏ గడి దగ్గర?"

"ముప్ఫై మూడు."

"అక్కడ నేను చెబుతుంటే మీరు వినలేదు. నా మొహం వంక చూస్తున్నారు."

"చెంప మీద సుద్ద ఉంది."

"నాలుగు రోజులూనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి దాచుకోలేదు.

"నేను రాసింది తప్పండీ. గడిలో పట్టదని మిమ్మల్ని రిస్క్ అని రాశాను. మొదటి పేజీ తీసేసి మళ్ళీ రాశాను. ఇప్పుడు గడి లేదు, ఉన్నదున్నట్టు ఉంది. మీరు అలిగి వెళ్ళారని కాదు. ముందే అలా రాయాల్సింది." ఒక్క క్షణం ఆగాడు. "మెసేజి పెట్టాలని పద్నాలుగుసార్లు అనుకున్నాను. పెడితే మీ సెలవు పాడవుతుంది. తొమ్మిదేళ్ళకి వచ్చిన సెలవు."

ఆమె గోడ మీది బట్టని చూసింది. ఆమె గళ్ళ పక్కన కొత్త సుద్దతో ఎవరెవరివో రాతలు. మాస్టరు వంకర అక్షరాలు, రిసెప్షన్ అక్క గుండ్రటి అక్షరాలు, ఒక మూల పెద్దసారు కూడా ఏదో గిలికాడు.

"తొమ్మిదేళ్ళలో" అంది మెల్లగా, "నన్ను మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. నువ్వు లేకపోతే ఈ కంపెనీ లేదన్నారు. షీల్డు కూడా ఇచ్చారు. ఇంట్లో ఉండు, మేం చూసుకుంటామన్నవాళ్ళు ఒక్కరూ లేరు."

బల్ల మీదున్న తన పాత ఫారం తీసుకుంది. అరవై ఒకటో ప్రశ్న దగ్గర రెండు వేసింది.

"రెండేనా?" అన్నాడు, ప్రాణం ఉసూరుమని.

"బ్యాంకు వాళ్ళ కుందేలు చెవులకి మూడు తగ్గించా."

అతను నవ్వాడు. ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతో, మళ్ళీ పోతుందేమోనన్న తొందరలో అన్నాడు:

"నాకు మీరంటే ఇష్టం. ఇంత ఇష్టం ఎవరి మీదా లేదు. కానీ నేను... అంటే, ఇలాంటివాటికి నేను ఎంతవరకు సిద్ధంగా ఉన్నానో నాకే సరిగ్గా..."

"ఎంత?"

"ఏమిటి?"

"ఐదులో ఎంత? మీరే వేసుకోండి. నాలుగు మాత్రం వెయ్యొద్దు."

అతను నిజాయితీగా ఆలోచించాడు. ఒంటరి గది, ఇస్త్రీ లేని చొక్కాలు, నాలుగేళ్ళ తప్పించుకు తిరగడం, వానలో గొడుగు లేకుండా గొడుగుల కంపెనీకి రావడం.

"ఒకటీ పాయింట్ ఎనిమిది."

"మా కంపెనీకీ అంతే వేశారుగా. ఒకటీ పాయింట్ ఎనిమిది వచ్చినవాళ్ళని ఏం చెయ్యమని రాశారు రిపోర్టులో?"

అతను తను రాసిన ఆఖరి పేజీని గుర్తు తెచ్చుకున్నాడు. దాన్ని ఇంకొకరి కోసమే రాశాననుకున్నాడు ఇన్నాళ్ళూ.

"మొత్తం సిద్ధమయ్యేదాకా కూర్చోవద్దని. ఒక్క చిన్న ముక్కతో మొదలుపెట్టమని. అది కుదురుకున్నాక ఇంకోటి."

"మాకు ఏ ముక్క చెప్పారు?"

"డెలివరీ చీటీలు."

"మనకి?"

అతను కిటికీ వైపు చూశాడు. వాన ధారగా పడుతోంది.

"మూడు రోజుల్లో మీరు వానలో తడిశారా?"

"ఎక్కడ. ఫోన్ మోగుతుందేమోనని గడప దాటితే ఒట్టు."

"అయితే అదే మొదటి ముక్క."

ఆమె ఫోన్ తీసి తాతయ్య బల్ల సొరుగులో పడేసింది. మీదీ పెట్టమన్నట్టు చెయ్యి చాచింది. అతను జేబులోంచి తీసేసరికి అది మోగుతోంది. వాళ్ళమ్మ. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. ఎత్తాడు.

"ఏరా, మళ్ళీ సిగ్నల్ లేదని పెట్టేస్తావా? ఒక్కమాట చెప్పు. సిద్ధంగా ఉన్నావా, లేవా?"

"ఒకటీ పాయింట్ ఎనిమిదమ్మా."

"ఎంతలో?"

"ఐదులో."

అవతల ఆవిడ లెక్క వేసుకుంది.

"పెళ్ళినాటికి మీ నాన్నకి అర కూడా లేదురా. ముప్ఫై ఏళ్ళు నడిపించలేదూ? ఆదివారం ఆ అమ్మాయిని ఇంటికి తీసుకురా."

"అమ్మాయెవరని అడగవా?"

"ఆ పిల్ల పక్కనే ఉన్నట్టుంది, నీ గొంతు ఎప్పుడూ ఇంత చక్కగా లేదు. ఇవ్వు ఫోన్."

ఆమె ఫోన్ అందుకుని "నమస్కారమండీ" అంది. తర్వాత ఐదు నిమిషాలు ఊఁ కొట్టడమే. మధ్యలో ఒకసారి అతని బూట్ల వైపు, ఒకసారి చొక్కా వైపు చూసి నవ్వు ఆపుకుంది. చివర్లో మాత్రం కళ్ళు తుడుచుకుని, "తప్పకుండా వస్తానత్తయ్యా" అంది. అత్తయ్యా అన్నాక తనే ఉలిక్కిపడి, ఫోన్‌ని గబుక్కున సొరుగులో పెట్టి మూసేసింది.

అతను గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఫ్యాన్ ఎటు తిరిగి ఉందో ఒకసారి సరిచూసుకున్నాడు.

కింద రిసెప్షన్‌లో అక్క స్టాండులోంచి రెండు గొడుగులు తీసి అందించబోయింది. మెట్లు దిగుతున్న ఇద్దరి మొహాలూ చూసింది. గొడుగులు మళ్ళీ స్టాండులో పెట్టేసి, మోగుతున్న ఆర్డర్ల ఫోన్ ఎత్తింది.